కృతజ్ఞత పండుగ దినములలో మన ఇల్లు

(స్త్రీల సమాజపు కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ కూడికలలో పెద్దలెందరో మన సంఘాల చరిత్రను గురించి, మన బడులను, వైద్యశాలలను గురించి మాట్లాడుతున్నారు. వాటి పక్కన నాకు ఇచ్చిన అంశము చాలా చిన్నది. పంట పండుగ దినములలో కుటుంబ జీవితము, ఇంటి అలంకరణ. బూజులు దులిపే సంగతి శతవార్షిక సంచికలో ఎందుకని కొందరికి తోచవచ్చును. కాని మన పల్లెలలో చాలా చోట్ల సంఘము మొదట కూడినది గుడిలో కాదు. ఎవరి ఇంటి అరుగు మీదనో, ఎవరి వాకిట చింతచెట్టు కిందనో కూడినది. ఆ వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లిన స్త్రీల పేర్లు ఏ రిజిస్టరులోను లేవు. కనుక ఈ పుటలలో వారికి కొంచెము చోటు అడగడం తప్పు కాదనుకొంటాను.

మొదట పండుగను గురించి ఒక మాట. పంటకు కృతజ్ఞత చెప్పుకొనే పండుగ అందరికీ ఒకే దినమున రాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు నవంబరు నాలుగవ గురువారము సెలవని ఫోను చేస్తారు. ఆ దినమును 1941లో అక్కడి శాసనసభ చట్టముతో స్థిరపరచినది. కెనడాలో అక్టోబరు రెండవ సోమవారము. ఇంగ్లాండులో ఈనాడు గుళ్ళలో జరిగే కోత పండుగను 1843లో కార్నువాల్ తీరమందలి మార్వెన్‌స్టో అనే ఊరి గురువు రాబర్టు హాకర్ మొదలుపెట్టినాడని చెప్పుకొంటారు. మిషనరీల ద్వారా ఆ ఆచారము మన దేశమునకు వచ్చినది. వీటన్నిటికన్న ఎంతో ముందు ఇశ్రాయేలీయులు ప్రథమఫలములను గంపలో పెట్టుకొని దేవుని సన్నిధికి తెచ్చేవారు, కొమ్మలతో పర్ణశాలలు కట్టుకొని ఏడు దినములు కాపురముండేవారు. చూడండి, ఇంటి అలంకరణ ఆ పండుగలోనే ఉన్నది! మన సంఘాలలో ఒక్కొక్కచోట ఒక్కొక్క ఆదివారము. కుప్పనూర్పులు ఎప్పుడైతే అప్పుడు. అది మంచిదే. పంట ఇంటికి చేరకముందే పండుగ చేస్తే అందులో రుచి ఏమున్నది?

ఇప్పుడు అలంకరణ సంగతి. క్రిస్మసుకు ఇంటిని అలంకరిస్తాము, పెండ్లికి అలంకరిస్తాము. ఆ వేళ బజారు నుంచి ఏదైనా తెచ్చి కట్టవచ్చును. కాని కృతజ్ఞత పండుగకు అలంకరణ అంటే మనకు వచ్చినదానిని నలుగురికి కనబడేటట్లు పెట్టుకోవడము. రానిదానిని కొనితెచ్చి పెడితే అది కృతజ్ఞత ఎట్లా అవుతుంది? ఈ మధ్య పండుగ దినములలో థర్మాకోలు అక్షరాలు, ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులు, అద్దెకు తెచ్చిన రంగు దీపాలు చూస్తున్నాను. ద్రాక్ష పండని ఊళ్ళో ప్లాస్టిక్ ద్రాక్షలు! పెరటిలో బీరపాదు నిండా కాయలుండగా దానిని ఎవరూ తలవరు. వీటి కోసము అప్పు చేసిన ఇళ్ళను కూడా నేనెరుగుదును. పంట వచ్చినదని స్తోత్రము చెప్పుకొనే ఆదివారమునకు వడ్డీకి డబ్బు తెచ్చుకొంటే, సోమవారము ఉదయము ఆ ఇంటిలో ఏమి స్తోత్రము ఉంటుందో మీరే ఆలోచించండి.

ఈ దినములకు మన తెలుగు ఇంటికి తగిన అలంకరణ ఒకటి చెప్పమంటే నేను మొదట వరికంకుల కుచ్చు పేరు చెబుతాను. మీలో పెద్దవారు చిన్ననాట చూరుకు వేలాడగా చూచియుంటారు. పిచ్చుకలు వచ్చి తలకిందులుగా వేలాడి గింజలు ఒలుచుకొని తినేవి. ఇప్పుడు చాలా ఇళ్ళలో అది లేదు. ఎందుకు లేదో చెబుతాను. ఇదివరకు కొడవలితో కోసి, పనలు వేసి, మోపులు కట్టి, కుప్ప వేసి, నూర్చేవారు. కంకి కంకిగానే కళ్ళము దాకా వచ్చేది. ఇప్పుడు కోత మిషను చేనులో దిగితే ఒక పక్క గింజ, ఒక పక్క ముక్కలైన గడ్డి. కంకి అన్నది ఇంటికి రాదు. అదీగాక 1960ల తరువాత పొట్టి రకాలు వచ్చి గడ్డి పొడవు కూడ తగ్గినది. మిషను వద్దని నేను అనడము లేదు. తుపాను తరుముకొస్తూ ఉంటే గంటలో ఎకరము కోసిపెట్టే యంత్రమును ఎవరు కాదంటారు? కాని దానితో కోత కూలి పోయినది, కూలికి ధాన్యము కొలిచే కుంచము పోయినది, పరిగె ఏరుకొనే అవకాశము కూడ చాలా వరకు పోయినది. మన సంఘాలలో కోతకు పోయి బ్రతికిన కుటుంబాలే ఎక్కువ. ఈ లెక్క వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

అయినా ఒక సంగతి గమనించినారా? మిషను చేనులో దిగడానికి, తిరగడానికి వీలుగా మడి మూలలలో ముందుగా మనుష్యులే కొడవలితో కోస్తారు. ఆ మూలలు యంత్రమునకు అందవు. చేని ఓరలను పూర్తిగా కోయక బీదలకు, పరదేశులకు విడిచిపెట్టవలెనని ధర్మశాస్త్రములో ఉన్నది కదా! రూతు బోయజు పొలములో పరిగె ఏరుకొనినది ఆ ధర్మమును బట్టియే. బోయజు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆమె కోసము కొన్ని పిడికిళ్ళు కావాలనే జారవిడువమని పనివారికి చెప్పినాడు. అందుచేత చేను కలిగిన సోదరులను ఒకటి అడుగుతున్నాను. ఆ మూలలలో కోసిన పనలను మిషనులో పడవేయక పక్కన పెట్టించండి. నాలుగు పనలు గుడికి, నాలుగు పనలు చేను లేని ఇళ్ళకు పంపండి. ఆ పనలు కోసిన కూలివారి ఇంటికి మొదట పంపండి. అప్పుడు వారి చూరుకు కూడ కుచ్చు వేలాడుతుంది.

కుచ్చు అల్లే విధము కష్టమైనది కాదు. గింజ గట్టిపడి, కాడలో ఇంకా పచ్చదనము ఉన్నప్పుడు కోసినవి మంచివి. పూర్తిగా ఎండిన కాడ విరుగుతుంది, గింజ రాలుతుంది. కాడకున్న ఆకులు ఒలిచివేసి, కాడల వరకు తడిగుడ్డలో చుట్టి ఒక గంట ఉంచండి. పది పన్నెండు కాడలు కలిపి మొదట పురికొసతో బిగించి, మూడు పాయలు చేసి ఆడపిల్లలకు జడ అల్లినట్లే అల్లుతూ పోవాలి. మెలిక మెలికకు రెండు మూడు కంకులు కొత్తవి చేర్చాలి. కంకులు బయటకు వేలాడాలి, కాడలు లోపలికి పోవాలి. జడ మూరెడు వచ్చిన తరువాత గుండ్రముగా చుట్టి కుట్టివేయవచ్చును, లేదా పొడవుగానే గుమ్మము పక్కన వ్రేలాడదీయవచ్చును. మెరుస్తుందని వార్నీషు పూయవద్దు, రంగు వేయవద్దు. పిచ్చుకలు తినేది అది. పిచ్చుకలు రాని పట్నపు ఇళ్ళలో కూడ కట్టండి, ఉడుతలైనా రాకపోవు.

ఇంటి గోడల సంగతి త్వరగా చెబుతాను. పూర్వము ఎర్రమన్ను, సున్నము. ఇప్పుడు సిమెంటు ఇళ్ళు. పైపెయింటు వేయించే స్తోమత లేనివారు వంటగదికి, వరండాకు సున్నము వేసుకొనవచ్చును. సున్నపురాయి రాత్రంతా నీళ్ళలో మగ్గనిచ్చి, పలుచని గుడ్డలో వడగట్టి, కొంచెము గంజి గాని తుమ్మజిగురు గాని, చిటికెడు నీలిమందు కలిపి రెండుసార్లు పలుచగా వేయాలి. చిక్కగా ఒకేసారి వేస్తే పెచ్చులు లేస్తుంది. ఇదివరకే పెయింటు వేసిన గోడ మీద అది నిలవదు. సున్నము ఉడికేటప్పుడు పిల్లలను దగ్గరకు రానీయవద్దు, కళ్ళకు ప్రమాదము.

బంతిపూలు కొనవద్దండి. పండుగ ముందు వారము ధర ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. కిందటి ఏటి పూలు నాలుగు ఎండబెట్టి దాచుకొంటే, విత్తిన రెండు రెండున్నర నెలలకు మన పెరటిలోనే పూస్తాయి. నవంబరు చివరకు పూలు కావాలంటే సెప్టెంబరు మొదట్లో చల్లుకోవాలి. పెరడు లేనివారికి పాత నూనె డబ్బా చాలు, అడుగున రెండు చిల్లులు పెట్టి.

మామిడాకు తోరణము కట్టవచ్చునా, ముగ్గు వేయవచ్చునా అని ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు అడుగుతారు. నా అభిప్రాయము చెబుతాను. మామిడాకు మామిడిచెట్టుది, చెట్టు దేవునిది. పర్ణశాలల పండుగకు కొమ్మలు పట్టుకొని సంతోషించమన్నప్పుడు ఆ కొమ్మలూ చెట్టువే. ముగ్గు విషయములో మనస్సాక్షికి అడ్డమనుకొనేవారు వేయవద్దు, వేసేవారిని విమర్శించవద్దు. వేసేవారు మాత్రము రాతిపొడితో కాక బియ్యపుపిండితో వేయండి, చీమలకైనా పండుగ అవుతుంది. దోర్నకల్లులో 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన దేవాలయమును అజరయ్య అధ్యక్షుల వారు మన దేశపు కట్టడపు రీతులలో కట్టించినారు. అంత పెద్ద గుడికి మన దేశపు శిల్పము పనికివచ్చినప్పుడు మన చిన్న గుమ్మమునకు మామిడాకు పనికిరాదా?

తరువాత బల్ల మీద ఏమి పెట్టాలి? నేను పాటించే పద్ధతి ఒక్కటే. ఈ పండుగకు అలంకరణ కోసము పెట్టిన ప్రతి వస్తువును తరువాత తినగలగాలి, లేకపోతే పశువు తినగలగాలి. తీపి గుమ్మడికాయను తొడిమతో కోసి పెడితే నెలల తరబడి చెడదు. రెండు గుమ్మడికాయలు, ఒక అరటిగెల, చేటలో కొత్త బియ్యము, పక్కన నాలుగు చెరకుగడలు. అంతకు మించిన అలంకరణ నేను చూడలేదు. (బూడిద గుమ్మడికాయ పెట్టకండి, దిష్టికి కట్టినారేమో అనుకొంటారు.) బల్లకు గుడ్డ కావాలా? చిరిగిన జరీచీరలో మంచి ముక్క ప్రతి ఇంటి పెట్టెలోను ఉంటుంది. అమ్మ చీరయో నాయనమ్మ చీరయో అయితే, అది ఎవరిదని పిల్లలు అడుగుతారు. చెప్పడానికి ఒక కథ దొరుకుతుంది.

ఇక కుటుంబము. ఇంతవరకు చెప్పినదంతా ఎవరు చేయాలి? ఇక్కడ పురుషులు కూడ కూర్చున్నారు గనుక ధైర్యము చేసి అంటున్నాను. చాలా ఇళ్ళలో పండుగ అంటే కోడలికి నడుమునొప్పి. తెల్లవారుజామున లేచి దులిపి, కడిగి, పిండివంటలు చేసి, పిల్లలకు తలంట్లు పోసి, గుడికి చివరగా వచ్చి వెనుక కూర్చొని కునికేది ఆమె. ఆమెకు కృతజ్ఞత చెప్పినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చును. బూజుకర్ర పట్టుకోవడానికి పొడుగు మనిషి కావాలి, అంటే ఇంటి యజమాని. సున్నము వేసేది పెద్ద కొడుకు. కుచ్చు అల్లేది అమ్మమ్మ, పక్కన కూర్చొని కంకులు అందించేది మనుమలు. శనివారము రాత్రి పిండివంటలు మానివేసి కొత్త బియ్యము అన్నము, ఒక పప్పు, ఒక కూర చాలు. కొత్త బియ్యమునకు నీళ్ళు తగ్గించి పోయాలి, లేకపోతే ముద్ద అవుతుంది. ముద్ద అయితే పాయసము చేసుకోండి.

ఆ రాత్రి భోజనమునకు అందరు కలిసి కూర్చోండి. టెలివిజన్ ఆపండి. కుటుంబ బైబిలు మొదటి పుటలో పుట్టిన తేదీలు, పెండ్లి తేదీలు, నిద్రించిన తేదీలు వ్రాసియుంటే ఇంటి పెద్ద వాటిని చదవాలి. వ్రాయని ఇంటిలో ఆ రాత్రే వ్రాయడము మొదలుపెట్టండి. మూడు తరాల పేర్లు తెలిసిన ముసలమ్మ ఇంకా మంచము మీద ఉన్నప్పుడే వ్రాయించుకోవాలి. దూరదేశములో ఉన్న పిల్లలను ఫోనులో చూడండి, కాని అన్నము చల్లారిపోయేటంత సేపు వద్దు. మరొకటి. ఆ సంవత్సరము మీ చేనులో నాట్లు వేసినవారి పేర్లు, మీ ఇంటికి పాలు పోసినవారి పేరు, మీ వీధి ఊడ్చినవారి పేరు పిల్లలకు తెలుసా? తెలియకపోతే కనుక్కొని ప్రార్థనలో ఆ పేర్లు పలకండి.

ఇప్పుడు అందరి మనస్సులోను ఉన్న ప్రశ్న. పంట పోయిన సంవత్సరము ఏమి చేయాలి? నవంబరు మాసము మన కోస్తాలో కోతల మాసము, తుపానుల మాసము కూడ. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పంట చేలలోనే ఉన్నది. పదివేల మందికి పైగా చనిపోయినారు. సున్నము వేయడానికి గోడ లేదు, కుచ్చు కట్టడానికి చూరు లేదు. అటువంటివారి వద్దకు పోయి కృతజ్ఞత పండుగ చేయమని చెప్పే అధికారము నాకు లేదు, మీకూ లేదు. కాని చరిత్రను చూడండి. అమెరికాలో 1621లో ప్లిమత్ ఊరివారు మూడు దినములు కోతపండుగ చేసికొన్నారు. అంతకు ముందు చలికాలములోనే వారిలో సుమారు సగము మందిని పాతిపెట్టుకొన్నారు. అబ్రహాము లింకను కృతజ్ఞత దినమును ప్రకటించిన 1863లో అక్కడ అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకొనే యుద్ధము నడుస్తున్నది. మన మెదకు దేవాలయము 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడినది. పాస్నెట్ దొరగారు కరువులో ఆకలిగొన్నవారికి పని కల్పించి, ఆ కూలితో వారిని బ్రతికించుకొంటూ కట్టించిన గుడి అది. ఈ పండుగను నిండిన గాదెలవారే చేయలేదని మాత్రము తెలుస్తున్నది.

ఒక తుపాను సంవత్సరము మా ప్రాంతపు ఒక సంఘములో నేను చూచినది చెబుతాను. కౌలుకు చేసే ఒక సోదరి పన మీద ఉన్న చేను వారము దినములు నీళ్ళలో నానినది. గింజలు కంకిలోనే మొలకెత్తినవి. అర్పణల ఆదివారము ఆమె ఆ మొలకెత్తిన ధాన్యమునే చేటలో తెచ్చి, సిగ్గుపడి గుమ్మము దగ్గర చెప్పుల పక్కన పెట్టి లోపలికి వచ్చి కూర్చున్నది. ఒక పెద్ద చూచినాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక మట్టి పళ్ళెము తెప్పించి, ఇంకా తడిగా ఉన్న ఆ మొలకలను అందులో పరచి, నీళ్ళు చల్లి, గుమ్మడికాయలకు ముందు బల్ల మీద పెట్టినాడు. మరుసటి ఆదివారమునకు అది జానెడు పచ్చని నారు అయినది. ఆ గుడిలో ఆ సంవత్సరము అంత అందమైన అలంకరణ మరొకటి లేదు. అయితే కథ అక్కడ ఆగితే నేను చెప్పేదాన్ని కాను. పచ్చని నారుతో ఆమె కౌలు తీరదు కదా! సోమవారము నాడు ఆ పెద్ద మరి ఇద్దరిని వెంటబెట్టుకొని చేను ఆసామి ఇంటికి పోయి వచ్చే పంట దాకా గడువు అడిగినాడు. సగము కౌలుకు గడువు దొరికినది. మిగతా సగము కోసము సంఘమువారు పిడికెడు బియ్యపు డబ్బు తీసినారు.

పిడికెడు బియ్యము అనే మాట వచ్చినది గనుక చెబుతాను. అన్నము వండే ప్రతిసారి ఎసటిలో పోయడానికి ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసే అలవాటు మన తల్లులది. నేటికి కొన్ని ఇళ్ళలో ఉన్నది. ఆ కుండను వంటింటి మూలలో దాచకండి. కడిగి, ఎర్రమన్ను పూసి, సున్నముతో నాలుగు చుక్కలు పెట్టి అందరికి కనబడేచోట పెట్టండి. పిల్లలు తమంతట తాము వేస్తారు.

అర్పణల వేలముపాట గురించి చెప్పకుండా ముగిస్తే మా సమాజములోని సోదరీమణులు ఒప్పుకోరు. వేలము సరదాగానే ఉంటుంది. ఇద్దరు బావమరుదులు పంతానికి పోతే నిమ్మకాయ అయిదు వందలు పలుకుతుంది, ఆ డబ్బు గుడి కప్పుకు పనికివస్తుంది. నాకు అభ్యంతరము లేదు. కాని ఇచ్చినవారి పేరు చదివి పాడవద్దు. వితంతువు తెచ్చిన నాలుగు గ్రుడ్లు నలభై రూపాయలకు పోయి, మరొకరి కోడిపుంజు నాలుగు వేలకు పోయినప్పుడు పేర్లు వినబడకుండా ఉంటే మేలు. చేను లేనివారు ఏమి తేవాలని కూడ కొందరు వెనుకాడి ఆ ఆదివారము గుడికే రావడము మానుకొంటున్నారు. కొబ్బరి ఈనెల చీపురు తెండి. అల్లిన చాప తెండి. మునగకాయలు తెండి. కుట్టుమిషను ఉన్న అమ్మాయి గుడి కిటికీలకు తెరలు కుట్టి ఇస్తే అది ఆమె పంట. వాటిని అరటిగెలల వెనుక పడవేయకుండా ముందు వరుసలో పెట్టవలసిన బాధ్యత అలంకరణ చేసే యౌవనస్థులది. వచ్చే ఆదివారము నేను ముందు వరుస చూస్తానని ఇప్పుడే చెబుతున్నాను.

ఇంకా ఎక్కువసేపు మిమ్మును కూర్చోబెట్టను. వెనుక వరండాలో రెండు మోపుల వరికంకులు తడిగుడ్డలో చుట్టి ఉంచినాము. మడి మూలలలో కోసినవే. మన సంఘపు అమ్మమ్మలు ఇద్దరు అల్లిక చూపించడానికి సిద్ధముగా ఉన్నారు. పురికొస కూడ ఉన్నది. టీ త్రాగి అక్కడికి రండి. సోదరులు కూడ రండి.